లోహం ఏమైనా ఉందా?

ఆస్పత్రి పార్కింగ్‌లో కారు ఆగగానే నళిని మళ్లీ అంది. "ఏమండీ, దాన్ని కార్‌లో పెట్టి రండి. తుపాకులు తేవద్దని గుమ్మం దగ్గరే బోర్డు ఉంది."

"అద్దం పగలగొట్టి ఎవడైనా ఎత్తుకెళ్తే? లైసెన్స్ ఉంది నాకు. షర్ట్ కింద ఎవడు చూడొచ్చాడు!" అన్నాడు దామోదర్.

ప్లేనో ఊళ్లోని వాళ్లింట దొంగలు పడి బంగారమంతా ఊడ్చుకుపోయినప్పటి నుంచి అతని నడుమున పిస్తోలు ఉంటోంది. గుడికి వెళ్లినా అంతే, కూరగాయలకు వెళ్లినా అంతే. నళినికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. కానీ ఇవాళ వచ్చింది కూతురు వేద కోసం. ఏడేళ్ల పిల్లకు ఫిట్స్ ఎందుకొస్తున్నాయో తేలాలంటే ఎంఆర్ఐ తీయాలన్నారు. ఆ అపాయింట్‌మెంట్ దొరకడమే గగనమైంది.

లోపలి యంత్రం పెద్ద అయస్కాంతమనీ, ఇనుము కనిపిస్తే విసురుగా లాక్కుంటుందనీ టెక్నీషియన్ చెప్పింది. పిల్ల పక్కన ఒక్కరు ఉండవచ్చు. నళిని నల్లపూసలు, గాజులు తీసింది. పెళ్లినాటి మెట్టెలు ఎంతకీ రాలేదు. బాత్‌రూమ్‌లో సబ్బు రాసి, చర్మం దోక్కుపోతున్నా లాగింది.

తీరా తిరిగొచ్చేసరికి వేద మొండికేసింది. "అమ్మ నో. నాన్న రావాలి. నాన్న హ్యాండ్ పట్టుకుంటే నేను మూవ్ అవ్వను."

దామోదర్ వాచీ, తాళాలు, ఫోను నళిని చేతిలో పెట్టాడు. అంతటితో ఆగాడు.

టెక్నీషియన్ తలుపు తీయబోతూ అడిగింది. "ఒంటి మీద లోహం ఇంకేమైనా ఉందా?"

అతను నళిని వైపు చూడకుండా "నథింగ్" అన్నాడు.

అతనే చెబుతాడని నళిని ఒక్క క్షణం ఆగింది. పిల్ల అప్పటికే అతని చెయ్యి పట్టుకుంది.

"ఆయన దగ్గర గన్ ఉంది" అంది నళిని ఇంగ్లీషులో.

తలుపు మీద టెక్నీషియన్ చెయ్యి ఆగిపోయింది. సెక్యూరిటీ వాళ్లు వచ్చారు. అతన్ని బయటికి తీసుకెళ్లి, వివరాలు రాసుకుని, కారు దాకా సాగనంపేసరికి వేద వంతు మరొకరికి వెళ్లిపోయింది. కొత్త తేదీ ఫోన్ చేసి చెబుతామన్నారు. బాతుబొమ్మల ఆస్పత్రి గౌను విప్పించి, నళిని పిల్లకు మళ్లీ దాని బట్టలు తొడిగింది.

"నలుగురిలో పరువు తీశావు" అన్నాడు దామోదర్ స్టీరింగ్ పట్టుకుని. "నేను గోడవారనే నిలబడేవాణ్ణి కదా!"

"మీరు నిలబడతారు. అది నిలబడుతుందా?" అంది నళిని. "నేను మెట్టెలు తీశానండీ. మీరు దాన్ని తీయలేకపోయారు."

వెనక సీట్లోంచి వేద ముందుకు వంగింది.

"నాన్నా, నేను మూవ్ అవ్వలేదు కదా? వై ఆర్ వీ గోయింగ్ హోమ్?"

దామోదర్ తాళం తిప్పబోయి ఆగాడు. నళిని అతని వైపు చూసింది. ఈసారి ఆ మాట అతనే చెప్పాలి.