ముప్పై తొమ్మిదో భాగం తర్వాత

వెంకటరాముడు నల్ల వైరు చుట్టను ఎడమ భుజానికి తగిలించుకొని, మెట్ల కమ్మీ వెంబడి దాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ పైకి ఎక్కుతున్నాడు. నాలుగు మెట్లకొకసారి ఆగి వైరును కమ్మీకి బిగించి కడుతున్నాడు. పిల్లలు హడావిడిగా తిరిగే చోటు, ఎవరి కాలికీ తగలకూడదు. ఆదివారం ఉదయం ఏడున్నర. కింద అద్దెకు తెచ్చిన జనరేటరు దగ్గర్నుంచి డీజిలు వాసన మేడ మీది హాలు దాకా వస్తోంది. నిన్న శనివారం అది రెండుసార్లు మొరాయించింది. రెండుసార్లూ రాముడే కిందికి పరుగెత్తాడు.

ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. పొడుగు, సన్నం. పద్దెనిమిదేళ్లుగా స్తంభాల మీది తీగలు చూసి చూసి మెడ ముందుకు వంగి, గడ్డం ఎప్పుడూ కొంచెం పైకి లేచి ఉంటుంది. ఎడమ బొటనవేలి గోరు నల్లబడిపోయింది. ఖాకీ ప్యాంటు వెనక జేబులో కటింగ్ ప్లేయరు లేకుండా అతణ్ణి చూసినవాళ్లు కర్నూల్లో తక్కువ. కూర్చుంటే కాలు ఆడిస్తాడు, నిలబడితే ఆ కాలూ ఈ కాలూ మారుస్తాడు. కడుపులో ఉడతను పెట్టుకొని తిరుగుతాడని భార్య తిమ్మమ్మ అంటుంది. ఈ పొద్దున కూడా ఆమె, "ఆదివారం గూడ ఇంటి పట్టున ఉండవు. పిల్లోళ్ల ఆటలు నీకేంటికి?" అని అడిగింది. ఈ రోజు ఆఖరి భాగం వేస్తారని చెప్పి వచ్చేశాడు.

హాలు గోడకు గుడ్డ బ్యానరు కట్టి ఉంది: అనిమే అభిమానుల కన్వెన్షన్, కర్నూలు, 2008. అనిమే అన్న మాట రాముడి నోటికి ఇంకా పట్టుబడలేదు. అతని లెక్కలో అవి జపాను బొమ్మలు.

ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో పుట్టి పెరిగినవాడు. నూలు దొరకని ఏడు, మగ్గం మూలపడ్డాక కర్నూలుకు వచ్చి దేవేంద్రప్ప కేబులు ఆఫీసులో చేరాడు. కంట్రోల్ రూములో ఒక చిన్న టీవీ ఉండేది. ఏ చానెల్లో బొమ్మ సరిగ్గా వస్తోందో, ఏ చానెల్లో చుక్కలు పడుతున్నాయో అందులో చూసుకోవాలి. అట్లా చూస్తుండగా ఐదేళ్ల కిందట, మధ్యాహ్నం మూడున్నరకు, పిల్లల చానెల్లో ఒక జపాను కథ తగిలింది. మాటలు తెలుగువే. ఒక ఊళ్లో వాన కనపడకుండా పోతుంది. పెద్దవాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూ కూర్చుంటే, పద్నాలుగేళ్ల పిల్ల ఒకతె గొడుగు చంకన పెట్టుకొని వానను వెదకబోతుంది. రాముడు మొదట నవ్వుకున్నాడు. వాన లేని ఊరంటే జపానోళ్లకేం తెలుసనుకున్నాడు. నాలుగో రోజుకు మూడున్నర కొట్టకముందే టీవీ ముందుకు చేరసాగాడు.

ఒక్క భాగమూ పూర్తిగా చూసిన పాపాన పోలేదు. ఫోను మోగేది, ఏదో వీధిలో లైను పోయేది, నిచ్చెన ఎత్తుకొని వెళ్లేవాడు. చూసిన సగానికి చూడని సగం తానే కల్పించుకొని రాత్రి అన్నం దగ్గర తిమ్మమ్మకు చెప్పేవాడు. ముప్పై తొమ్మిదో భాగంలో పిల్ల ఒక కొండ కొనకు చేరి, అక్కడున్న తలుపు తట్టింది. మర్నాడు మూడున్నరకు ఆ చానెల్లో వేరే కథ మొదలైంది. అంతే. తలుపు తెరిచిందెవరో, వాన దొరికిందో లేదో చెప్పేవాళ్లు లేరు. దేవేంద్రప్పను అడిగితే పగలబడి నవ్వాడు.

రెండేళ్ల కిందట ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో లైను బాగుచేయబోతే, కడప నుంచి వచ్చి చదువుకుంటున్న తేజేశ్వర్ అనే కుర్రాడి కంప్యూటరు తెర మీద ఆ గొడుగు పిల్ల కనిపించింది. రాముడు నిచ్చెన మీదనే ఆగిపోయాడు.

"ఈ పాపకు వాన దొరికెనా?"

తేజేశ్వర్ వెనక్కి తిరిగి, కేబులు మనిషిని ఎగాదిగా చూసి, తనకూ తెలియదన్నాడు. అక్కణ్ణుంచి ఇద్దరికీ అదే పని. ఇంటర్నెట్టులో పరిచయమైన రాయచోటి అమ్మాయి సుచరిత మిగిలిపోయిన ఆ ఒక్క ఆఖరి భాగాన్ని ఎక్కడో సంపాదించింది. జపాను మాటలకు ఇంగ్లీషు, ఇంగ్లీషుకు తెలుగు రాసుకుంటూ కూర్చుంది. ఎవరి గదుల్లో వాళ్లు చూసేబదులు అందరూ ఒక్కచోట కూర్చుని చూస్తే బాగుంటుందన్నది రాముడే. ఆ మాటే పెరిగి పెద్దదై రెండు రోజుల కన్వెన్షన్ అయింది.

తొమ్మిదింటికి పిల్లలు రావడం మొదలైంది. నిన్న పద్దెనిమిది మంది, ఈ రోజు ఇరవై ముగ్గురు. నంద్యాల కుర్రాడు వాళ్లమ్మ నల్ల పట్టుచీరను భుజాల మీద రెక్కల్లా కట్టుకున్నాడు. ఇంకొకడు జుట్టుకు జిగురు రాసి ముళ్లలా నిలబెట్టాడు. సుచరిత గొడుగు పిల్ల వేషం వేసింది. తెల్ల చొక్కా, నీలం పావడా. రాముడు ఆ పావడా అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "మిల్లు గుడ్డ. మా నాయన నేసింటే ఇట్ల వేలాడదు, నిలబడతాది" అన్నాడు. అమ్మాయి నవ్వి, వచ్చే ఏడు అన్ననే తెచ్చి ఇమ్మంది.

కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఖాకీ ప్యాంటునూ, ప్లేయరునూ, మెడలోని వైరునూ మెచ్చుకోలుగా చూసి, ఇది ఏ కథలోని వేషమని అడిగాడు.

"వేషం కాదప్పా, నేను కేబులు పనోణ్ణి" అన్నాడు రాముడు. చెవులు ఎర్రబడ్డాయి. ఎందుకో మధ్యాహ్నం దాకా ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తూనే ఉంది.

ఉగ్గాని, బజ్జీల పొట్లాలు పంచాడు. ప్రొజెక్టరు కింద పుస్తకాలు పేర్చి ఎత్తు సరిచేశాడు. కిటికీలకు కట్టిన దుప్పట్లలో ఒకటి గాలికి మాటిమాటికీ ఊడిపోతుంటే, వీధి వైపు కిటికీని అలాగే వదిలేశాడు. బొమ్మల పోటీ, వేషాల పోటీ, ఎవరికి ఏ కథ ఎందుకిష్టమో చెప్పడం, ఒకదాని వెంట ఒకటి సాగాయి. రాముణ్ణీ మాట్లాడమన్నారు. మైకు చేతికిస్తే, "దీని వైరు లూజుగా ఉండాది" అని దాన్ని బిగించి తిరిగి ఇచ్చేశాడు. ఆఖరి భాగం ఐదింటికి అనుకున్నది ఐదున్నరైంది, ఆరైంది. రాముడు గోడ గడియారం చూడటం, మెట్లు దిగి జనరేటరు చూడటం, పైకి రావడం, మళ్లీ గడియారం చూడటం.

ఆరింటికి ఊరంతా కరెంటు పోయింది. రోజూ ఆరు నుంచి ఏడు దాకా కోత. జనరేటరు వేసి వచ్చి, ముందు వరసలో కుర్చీ అంచున కూర్చున్నాడు. ఫోను మోగింది. దేవేంద్రప్ప.

హాలు ఎదురు సందులో కేబులు తెగి వేలాడుతోందట. ఏడింటికి కరెంటు వస్తూనే ఆడవాళ్లు సీరియల్ కోసం ఫోను మీద ఫోను చేస్తారు, కరెంటు లేనప్పుడే ఎక్కి కట్టేస్తే మేలన్నాడు. "నువ్వు ఆన్నే ఉండావు గదప్పా. పది నిమిషాల పని" అని బతిమాలాడు కూడా.

రానని ఒక్కమాట అంటే దేవేంద్రప్ప ఇంకెవరినైనా పంపేవాడే. ఆ మాట రాముడికి రాలేదు. పద్దెనిమిదేళ్లలో ఎన్నడూ రాలేదు.

అతను లేవడం చూసి సుచరిత అడ్డం వచ్చింది. అన్న వచ్చేదాకా ఆపుతామంది. రాయచోటి బస్సు ఏడున్నరకని రాముడికి తెలుసు.

"మీరు మొదలుపెట్టండమ్మా. నడుమలో వచ్చి కూర్చుంటా. నాకు సగాలే అలవాటు."

కరెంటు స్తంభం హాలుకు ఎదురు సందులోనే ఉంది. కింద గోపన్న చిల్లర అంగడి. గోపన్న కొవ్వొత్తి వెలిగించి అరల మధ్య నిలబెడుతున్నాడు. రాముడు చెప్పులు విడిచి, నిచ్చెన వేసి, అది చాలని చోట నుంచి స్తంభానికి కాళ్లు పెనవేసి ఎక్కాడు. తెగిన కొసలు రెండూ కరెంటు తీగల పక్కనే దొరికాయి. పళ్లతో పైతొడుగు ఒలిచాడు.

తలెత్తితే ఊరంతా చీకటి. ఆ చీకట్లో హాలు కిటికీ ఒక్కటే వెలుగుతోంది. దుప్పటి కట్టని కిటికీ. అందులోంచి తెర మొత్తం కనిపిస్తోంది.

పిల్ల తలుపు ముందు నిలబడి ఉంది.

రాముడి చేతులు ఆగిపోయాయి. తలుపు తెరుచుకుంది. లోపల ఒక ముసలమ్మ, ఆమె ఒళ్లో నిద్రపోతున్న మబ్బు. మాటలు వినపడవు. కింద తెల్లగా పడే సుచరిత అక్షరాలు ఇంత దూరానికి అందవు. అయినా ముసలమ్మ ఏమంటోందో, పిల్ల ఏమని బతిమాలుతోందో అతనికి తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్లూ మిగతా సగం కల్పించుకున్నవాడే కదా. చాలాసేపటికి పిల్ల మబ్బు చెవిలో ఏదో చెప్పింది. తర్వాత ఊరు, ఎండిన వీధి, తలలెత్తిన మనుషులు. తెర నిండా సన్నటి గీతలు జారాయి. పిల్ల గొడుగు ముడిచి పక్కన పెట్టి, తడుస్తూ నిలబడింది.

"దొరికెనప్పా" అన్నాడు రాముడు పైనుంచి.

ఏం దొరికిందని గోపన్న కింద నుంచి అడిగాడు. రాముడు నవ్వుతున్నట్టున్నాడని గోపన్న తర్వాత అందరికీ చెప్పాడు. పొద్దున్నుంచీ కుదురులేకుండా తిరిగిన మనిషి స్తంభానికి ఆనుకొని, కదలకుండా, కాసేపు ఊరికే అలా చూస్తూ ఉండిపోయాడట. ఆ తర్వాత కొసలు కలపడానికి చెయ్యి చాచాడు.

కరెంటు ఆ రోజు పది నిమిషాలు ముందే వచ్చింది.

హాల్లో ఫ్యాన్లు తిరిగాయి, పిల్లలంతా ఒక్కసారిగా కేకలు వేసి చప్పట్లు కొట్టారు. కథ ముగిసినందుకు కొట్టారో, కరెంటు వచ్చినందుకు కొట్టారో వాళ్లకే తెలియదు. ఆ చప్పట్లు ఆగేలోపలే గోపన్న మెట్లెక్కి వచ్చాడు.

స్తంభం మీంచి పడిన రాముణ్ణి ఆసుపత్రికి తేజేశ్వర్ ఆటోలో తీసుకుపోయాడు. తోవలోనే అయిపోయిందన్నారు. తిమ్మమ్మ వచ్చి, ఏడవడానికి ముందు, ఆ కథ అయిపోయిందా అని ఒక్కమాట అడిగింది. అయిపోయిందక్కా, అన్న చూశాడంట అని సుచరిత చెప్పింది. ఆమె రాయచోటి బస్సు వెళ్లిపోయింది.

పిల్లలు వచ్చి హాలు ఖాళీ చేసేటప్పటికి సోమవారం ఉదయమైంది. మెట్ల కమ్మీకి కట్టిన ముడులు విప్పడానికి చాలాసేపు పట్టింది. ముందు వరస కుర్చీలో, ఆఖర్న అందరి ఎదుటా రాముడన్నకు కప్పాలని ఆదివారం మధ్యాహ్నం అతనికి తెలియకుండా కొని తెచ్చిన మామిడిపండు రంగు శాలువా, కవరు విప్పకుండా, మడత మడతగానే ఉంది.