దాచిన దగ్గు

అడవిలోకి వెళ్లేవాళ్లను ప్రతి ఉదయం గేటు దగ్గర ఒకే ప్రశ్న అడుగుతారు: దగ్గు, జలుబు ఉన్నాయా? పదకొండేళ్లుగా ఆ ప్రశ్న అడుగుతున్నది చింపాంజీల జాడలు తీసే కబహుమే. ఇవాళ తనకు తాను మాత్రం వేసుకోలేదు. లేచినప్పటి నుంచి గొంతులో గరగర. వేడి రాగిజావ తాగితే సర్దుకుంటుందిలే అనుకుంది. అదేం బుద్ధో!

అలా అనుకోవడానికి కారణం కసెమీరే. నిండు చూలుతో ఉన్న ఆ చింపాంజీ ఐదు రోజులుగా కనబడలేదు. పిల్లను మొదట చూసినవాళ్లే దానికి ముద్దుపేరు పెట్టాలన్నది జాడలు తీసేవాళ్ల ఆచారం. ఆ భాగ్యం ఇంకొకరికి వదులుకోవడానికి కబహుమకు మనసొప్పలేదు.

"ఏం అబ్వోలీ, తెగ చీదుతున్నావ్?" అన్నాడు తోటి ఉద్యోగి అరాలీ. ఈ తోరో సీమలో మనిషిని ముద్దుపేరుతో పిలవకపోతే మర్యాద కాదు; కబహుమ ముద్దుపేరు అబ్వోలీ.

"నీ చుట్ట కంపుకి."

"మానేసి రెండేళ్లయింది తల్లీ!"

వెనక నలుగురు సందర్శకులు నవ్వారు. కబహుమ నవ్వలేదు.

మూడు గంటలు నడిచాక పెద్ద మేడిచెట్టు కింద ఆగి అందరూ మాస్కులు కట్టుకున్నారు. పైన కొమ్మలు కదిలాయి. కసెమీరే మెల్లగా దిగింది. పొట్టకు కరుచుకుని గుప్పెడంత పిల్ల. కబహుమ కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే దగ్గు తన్నుకొచ్చింది.

పళ్లు బిగించి ఆపుకుంది. నాలుగేళ్ల క్రితం ఎవరో తెచ్చిన జలుబుకు ఈ గుంపులో తొమ్మిది చచ్చాయి. కసెమీరే తొలి బిడ్డ కూడా అప్పుడే పోయింది. కుళ్లిపోయినా వదలకుండా తల్లి దాన్ని వారం రోజులు వీపున మోసింది. వెంట నడిచింది కబహుమే.

ఇప్పుడా తల్లి బిడ్డను చూపించడానికన్నట్టు నేరుగా తన దగ్గరికే వస్తోంది. పది అడుగులు. ఎనిమిది. కబహుమ వెనక్కి జరిగితే అది ముందుకొచ్చింది. పిల్ల చెయ్యి చాచింది. తడిసిన మాస్కులో ఊపిరి ఆడడం లేదు. ఇంకో క్షణం ఆగితే దగ్గు వాటి మొహాల మీదే పడుతుంది.

పొదలు నరికి దారి చేసే కత్తిని చింపాంజీల ముందు ఎవరూ పైకెత్తరు. వేటగాళ్లే ఎత్తుతారు. పదకొండేళ్లూ వీపు వెనకే దాచుకున్న ఆ కత్తిని కబహుమ తీసి తల మీదకెత్తింది. గొంతు చించుకుని అరిచింది.

కసెమీరే కీచుమంటూ చెట్టెక్కేసింది. కబహుమ వెనక్కి పరుగెత్తి, పొదల్లో కూలబడి, కడుపు పట్టుకుని దగ్గింది. ఆగకుండా దగ్గింది.

కాసేపటికి అరాలీ వచ్చి దూరంగా నిలబడ్డాడు. తిట్టలేదు. వాకీటాకీ ఆమె వైపు విసిరాడు. గేటు దగ్గరివాళ్లకు జరిగిందంతా కబహుమే చెప్పుకుంది. పద్నాలుగు రోజులు అడవి మొహం చూడొద్దన్నారు.

"పిల్లను మొదట చూసింది నువ్వే. పేరేంటి?" అన్నాడు అరాలీ.

"నాకా హక్కు లేదు. నువ్వే పెట్టు."

చెట్టు మీద కసెమీరే ఇంకా అరుస్తూనే ఉంది. వేటగాళ్లను చూసినప్పుడు అరిచే అరుపు అది.

"అరాలీ, రోజూ పొద్దున్నే నాకు ఒక్క మాట చెప్పు" అంది కబహుమ. "పిల్ల దగ్గిందో లేదో. అంతే చాలు."