ఆగని రెడ్యూస్

తోరున్ రాసిన ప్రోగ్రాం చేసే పని ఒక్కటే. కొండ దారి పక్కన మలుపు మలుపుకీ పాతిన కొలత స్తంభాలను వరసగా చదివి, దారి మొదట్లో ఉన్న గేటు తెరవాలో మూయాలో చెప్పాలి. అన్నిటినీ కలుపుకుంటూ పోయి చివరికి ఒక్క జవాబు తేల్చే ఆ పద్ధతిని ప్రోగ్రాంలు రాసేవాళ్లు రెడ్యూస్ అంటారు. మంచు జారుతోందని ఒక్క స్తంభం చెప్పినా చాలు, మిగతావి చదవకుండా అక్కడికక్కడే ఆగి గేటు మూసెయ్యాలి. పోయిన వారం ఆ ఆగడం నేర్పింది తోరునే. నేర్పి కాలరెగరేసింది కూడా.

పొద్దున భర్త ఔడున్ మంచు తోసే బండితో కొండెక్కబోతుంటే, ఏ పనీ చివరంటా చేసే రకం కాదని దెప్పిపొడిచింది. గిన్నెలు సగం తోముతాడు, కంచెకి రంగు సగమే వేస్తాడు. ఇవాళైనా దారి చివరిదాకా తోసి రమ్మంది. అతను నవ్వి, కాఫీ కూడా సగంలో వదిలేసి పోయాడు.

మధ్యాహ్నం ఆఫీసులో తోరున్ తెర చూసింది. రెండో మలుపులో ఒక స్తంభం ఎర్రగా ఉంది. గేటు దీపం మాత్రం పచ్చగానే ఉంది.

ఒక్క ఉదుటున మీట నొక్కి గేటు మూసేసింది. పక్క బల్ల యోరిడ్ వచ్చి ప్రోగ్రాం చదివింది.

"మలుపులన్నిటికీ ఒక రెడ్యూస్, దాని లోపల స్తంభాలకి ఇంకొకటి పెట్టావు. ఆపింది లోపలిదాన్నే తల్లీ. బయటిది మూడో మలుపుకి పోయి, అక్కడ బాగానే ఉందని గేటు తెరిచే ఉంచింది."

తోరున్ పరీక్షించింది ఒక్క మలుపుతోనే. ఒకే మలుపైతే ఈ తప్పు ఎలా బయటపడుతుంది?

"ఔడున్ పైనే ఉన్నాడు," అంది.

వైర్‌లెస్‌లో ఎంత పిలిచినా గరగర తప్ప పలుకు లేదు. కారు తీసి గేటు వైపు పోనిచ్చింది. నార్వే ఉత్తరాన చలికాలం మధ్యాహ్నమంటే చీకటే, కొండ కనబడదు. చివరిదాకా తోసి రమ్మన్న తన మాటే చెవుల్లో గింగురుమంటోంది. ఈ ఒక్కరోజు నా మాట వినకుండా ఉంటే చాలు దేవుడా అనుకుంది.

గేటు అవతల రెండు దీపాలు కనిపించాయి. బండి మెల్లగా వచ్చి ఆగింది. ఔడున్ దిగాడు.

"రెండో మలుపులో కాస్త మంచు రాలి ఉంది. ఎందుకో భయమేసి వెనక్కి తిప్పేశా," అన్నాడు. "సగమే అయింది. తిట్టకు."

అతని మాట పూర్తవుతూనే పైన కొండ మీది మంచు విరిగిపడ్డ చప్పుడైంది. కాళ్ల కింద నేల అదిరింది. ఇద్దరూ అటే చూస్తూ ఉండిపోయారు.

తోరున్ అతని చెయ్యి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"పొద్దుటి కాఫీ పారబోయలేదు," అంది. "వేడి చేసిస్తా, రా."