చెల్లెలి చెయ్యి

లాండ్రీలో ఇస్త్రీ చేసే అక్కకూ, ఆమె చెల్లెలికీ బొమ్మ కోసం కూర్చోవడం మొదట్లో నవ్వులాటగానే ఉండేది. వాళ్ళ పై గదిలోకి కొత్తగా అద్దెకు దిగిన చిత్రకారిణి ఒకరోజు మెట్ల మీద ఇద్దరినీ ఆపి, ఒకరి తల ఒకరు దువ్వుకుంటుంటే చూశానని, అలా తన ఎదుట కూర్చుంటే నూనెరంగుల్లో వేసుకుంటానని అడిగింది. అప్పటి నుంచి సెలవురోజుల్లో వెళ్ళి కూర్చునేవాళ్ళు. అక్క ముందు, చెల్లెలు వెనక. చెల్లెలి ఎడమచెయ్యి అక్క మెడ మీద.

బొమ్మలో మొహాలు ఆకుపచ్చగా, మెడలు సాగదీసినట్టు వచ్చాయి. "ఇద్దరికీ పచ్చకామెర్లు తెప్పించిందే ఈవిడ," అని చెల్లెలు అక్క చెవిలో గొణిగి, నవ్వాపుకోలేక కదిలిపోయేది.

చలికాలంలో చెల్లెలికి జ్వరం పట్టుకుంది. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నాడు డాక్టరు. తొమ్మిదో రోజున పోయింది.

నాలుగు నెలలు అక్క ఆ మెట్లెక్కలేదు. చిత్రకారిణీ పిలవలేదు. చివరికి ఒక మధ్యాహ్నం తానే కిందికి వచ్చి, బొమ్మంతా అయిందని, చెల్లెలి చెయ్యి ఒక్కటే మిగిలిందని, అందుకు ఒకమ్మాయిని కుదుర్చుకున్నానని, ఒక్క పూట కూర్చోగలరా అని మొహమాటపడుతూ అడిగింది. అక్క కాదనలేకపోయింది.

వచ్చిన అమ్మాయి నెమ్మదస్తురాలే. కానీ ఆమె వేళ్ళు మెడకు తగలగానే అక్క ఒళ్ళు జలదరించింది. కాసేపు కొయ్యబారిపోయి కూర్చుని, ఇక వల్లకాక లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. చిత్రకారిణి కుంచె కింద పెట్టేసి, వద్దులెండి, ఇలాగే వదిలేస్తాను అంది.

అక్క తన ఎడమచేతిని వెలుతురులో పెట్టి చూసుకుంది. అదే పొట్టి బొటనవేలు, అవే వెడల్పాటి గోళ్ళు.

"మా ఇద్దరి చేతులూ ఒకటే అచ్చండి," అంది. "ఈ అమ్మాయిని నా చోట కూర్చోబెట్టండి. వెనక నుంచి చెయ్యి నేను పెడతాను."

"మీకు కష్టమవుతుందేమో."

"అవుతుంది. అయినా దాని చోట ఇంకెవరో ఉండటం నేను చూడలేను."

వెనక కూర్చుని, ముక్కూమొహం తెలియని పిల్ల మెడ మీద చెయ్యి ఆనించింది. పావుగంటకే భుజం లాగేసింది. అరగంటకు మోచెయ్యి మొద్దుబారింది. ఇన్ని సెలవురోజులు చెల్లెలు ఈ నొప్పిని ఓర్చుకుందని, ఒక్కసారీ పైకి అనలేదని అప్పుడు తెలిసొచ్చింది. కన్నీళ్ళు కారుతున్నా చెయ్యి కదపలేదు. చిత్రకారిణి చూసి కూడా కుంచె ఆపకుండా పని కానిచ్చింది.

ప్రదర్శనలో ఆ బొమ్మ ముందు చాలామంది నవ్వారు. ఆ రంగులేమిటి, ఆ మెడలేమిటి అన్నారు. అక్క తలుపులు మూసేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

చాలా ఏళ్ళకు ఆ బొమ్మను మ్యూజియం వాళ్ళు తీసుకున్నారు. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ అక్క వెళ్ళి చూసి వచ్చేది. అక్కడి కాపలాదారు ఆమెను చూడగానే తన కుర్చీ తెచ్చి వేసేవాడు.