మనకెందుకక్కా

దీవెనమ్మ నోట్లోంచి "మనకెందుకక్కా" అన్న మాట వచ్చినప్పుడల్లా కృపామణికి ఒళ్లు మండిపోయేది. ఇద్దరూ సౌదీలోని ఖోబర్‌లో ఓ ఆసుపత్రిలో నర్సులు. 2004 నుంచీ హాస్టల్లో ఒకే గది. ఖతీఫ్ చేపల బజారుకు పోదామంటే మనకెందుకు. అరబ్బీ నాలుగు ముక్కలు నేర్చుకోమంటే మనకెందుకు.

"ఆ మాట తప్ప నీకింకోటి రాదా? తలుపులేసుకుని కూర్చోడానికా ఇంత దూరం వచ్చావ్?" అని ఎన్నిసార్లు అరిచినా గోడకి చెప్పినట్టే.

ఆ రోజు వార్డులో ఒక పేషెంటు తల్లి ఫ్లాస్కు తెరిచి ఇద్దరికీ చిన్న కప్పుల్లో గహ్వా పోసింది. పాలూ పంచదారా లేని ఏలకుల కాఫీ. ఇప్పుడంటుంది చూడు ఆ మాట, అని కృపామణి లోపల్లోపలే పళ్లు నూరింది.

దీవెనమ్మ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. ఆవిడ కాఫీతోబాటు ఇచ్చిన ఖర్జూరం కొరికి మళ్లీ తాగింది.

"బాగుందక్కా! ఎలా కాస్తారో అడుగు, గదిలో మనమూ కాద్దాం."

కృపామణి కప్పు ఇంకా నిండుగానే ఉంది. ఇన్నేళ్లూ ఎవరిచ్చినా పక్కకెళ్లి పాలపొడీ పంచదారా కలుపుకునే తాగింది.

"ఈ చేదు మనకెందుకే!" అంది చిరాగ్గా, పంచదార కోసం అటూ ఇటూ చూస్తూ.

అన్న తర్వాతగాని ఆ మాట ఎవరిదో చెవికెక్కలేదు.