వందలో ఒకటి చాలదా

ఆ ఇంటి పెద్దకోడలు, చిన్నకోడలు ఒకే ఆఫీసులో, ఒకే గదిలో పనిచేస్తారు. ఆఫీసు ఇంటర్నెట్‌కి దారి చూపే రౌటర్లు చూసుకునేది పెద్దది. వాటిగుండా ఎవరి కంప్యూటర్ నుంచి ఎక్కడికి ఎంత పోతోందో లెక్కలు పోగుచేసే సర్వర్ చిన్నదానిది. పెద్దది చేరి ఏళ్లయింది, చిన్నది నిన్నగాక మొన్న వచ్చింది. అయినా మేనేజరు గదిలోకి వస్తే నిలబడేది చిన్నదాని తెర ముందే. రంగురంగుల గీతలు కదా మరి! రౌటర్లు ఆగకుండా నడుస్తుంటే అందులో చూడ్డానికి ఏముంటుంది?

ఇంట్లోనూ అదే వరస. "ఇంటర్నెట్లో ఏం పోతోందో మా చిన్నది కూర్చున్నచోటి నుంచే చెప్పేస్తుంది" అని అత్తగారు పక్కింటావిడతో మురిసిపోవడం పెద్దది చెవులారా విన్నది. పోయేదానికి దారి చూపిస్తున్నది ఎవరని ఆవిడా అడగలేదు, ఈవిడా చెప్పలేదు.

ఆ వారమే సెక్షన్‌కి ఇన్‌చార్జిని వేస్తారని తెలిసింది. పెద్దదానికి ముద్ద దిగడం మానేసింది.

"అక్కా, ఆ పాత రౌటర్‌లో కూడా రికార్డింగ్ పెట్టవా? వంద ప్యాకెట్లలో ఒకటి చూస్తే చాలు. దానికసలే ఓపిక తక్కువ" అంది చిన్నది.

"నా రౌటర్ ఓపిక నువ్వు నాకు చెప్తున్నావా?"

"చెప్పలేదు మహాతల్లీ, అడిగానంతే!"

వందలో ఒకటంటే మిగతాదంతా అంచనాయేగా! ఆ అంచనాలకేనా ఇంత మురిపెం? అసలు లెక్క ఎలా ఉంటుందో తను చూపిస్తుంది. పెద్దది వంద ఉండాల్సిన చోట ఒకటి కొట్టింది. దారిన పోయే ప్రతి సమాచారపు ముక్కనీ, ప్రతి ప్యాకెట్టునూ రాసుకోమంది.

పాత రౌటర్ రాసుకుంటూ కూర్చుని, పంపే పని మరిచింది. ప్రాసెసర్ ఊపిరాడక మూలిగింది, మెమొరీ నిండింది. అవతల ఆ రాతలన్నీ వచ్చిపడే చిన్నదాని సర్వర్ డిస్కులో జాగా కళ్లముందే కరిగిపోతోంది. ఆఫీసు ఫోన్లన్నీ ఆ రౌటర్ మీదుగానే పోతాయి.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది? హెడ్డాఫీసు పెద్దాయనతో ఫోన్లో మాట్లాడుతుంటే 'హ', 'లో' తప్ప ఇంకోటి వినపడదు! నీ గీతల చలవేనా?" అని చిన్నదాని మీద పడ్డాడు.

పెద్దదాని ప్రాణం లేచొచ్చింది.

చిన్నది రౌటర్ సెట్టింగులు తెరిచింది. ఆ ఒకటి అంకెను చూసింది. మెల్లగా తల తిప్పి అక్క మొహం చూసింది.

"పొరపాటు నాదే సార్. అక్కకి సరిగ్గా చెప్పలేదు."

మేనేజరు అక్కడికక్కడే మెత్తబడ్డాడు. "పోన్లేమ్మా. తప్పు మీదేసుకునే మనసే ఇన్‌చార్జికి కావాల్సింది."

పెద్దదాని ఒళ్లు భగ్గుమంది. తప్పు తను చేస్తే, దాంతో వచ్చే మంచిపేరు కూడా దీనికేనా!

"చెప్పింది సార్, శుభ్రంగా చెప్పింది! వినకుండా పెట్టింది నేను!" అని అరిచినంత పని చేసింది.

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ముందు అది సరిచెయ్యండి. ఇన్‌చార్జి విషయంలో ఇంక ఆలోచించేదేం లేదు, చిన్నమ్మాయే" అనేసి వెళ్లిపోయాడు.

పెద్దది మళ్లీ వంద కొట్టింది. కాసేపటికి పక్కగదుల్లో ఫోన్ మాటలు అతుక్కున్నాయి.

చిన్నది కుర్చీ దగ్గరికి లాక్కుని, పళ్లబిగువున అంది: "ఒక్కసారైనా నన్ను మంచిదాన్ని కానివ్వవు కదక్కా!"

ఆ పూట పెద్దదాని చెవికి ఇంపుగా తగిలిన మాట అదొక్కటే.

"కానివ్వను" అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.