నేల కింద చప్పుడు

బేకరీ ముందు వాల్వు మూత తీసి, ఇనపకర్ర ఒక కొసను లోపలి గొట్టానికి ఆనించి, రెండో కొసనున్న చెక్కబిళ్లకు కుడిచెవి అప్పగించి ఆయన పావుగంటగా కూర్చున్నాడు. మోకాళ్ల కింద మడతపెట్టిన గోనెసంచి. కళ్లు మూసే ఉన్నాయి. చూసేవాళ్లకు కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. నీళ్ల ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడూ ఆ మాటే అని నాలిక్కరుచుకున్నవాడే.

మొదట్లో పలుగు పట్టి గోతులు తవ్వేవాడు. తర్వాత ముప్ఫయ్యొక్కేళ్లుగా భూమిలో పగిలిన గొట్టాన్ని చెవితో పట్టుకోవడమే ఆయన పని. చెక్కబిళ్ల ఒరిసి ఒరిసి కుడిచెవి అంచున కాయ కాసింది. అందరూ ఆయన్ని చెవాయన అంటారు. భార్య మాత్రం ఒప్పుకోదు. "వీధి కింద చుక్క కారితే వింటారు. వంటింట్లోంచి గొంతు చించుకున్నా వినపడదు" అంటుంది.

ఆ రోజు తెల్లారేసరికి ప్రసూతి ఆసుపత్రికి నీళ్లు ఆగిపోయాయి. ట్యాంకులో ఉన్నవి సాయంత్రం దాకా వస్తాయి, అంతే. అంబులెన్సులు తిరిగే దారి కాబట్టి ఒక్కచోట తవ్వడానికే అనుమతి దొరికింది. "ఈసారి గురి తప్పితే ఆ కర్ర స్టోర్లో అప్పగించెయ్" అని పై అధికారి పొద్దున్నే ఫోన్లో అన్నాడు. ఆయనకు కోపం రాలేదు. తప్పుతుందనుకుంటే కదా కోపం రావడానికి!

ఇంజనీరమ్మకు ఆయన కూతురి ఈడుంటుంది. ఆసుపత్రి గేటు దగ్గరొకటి, కూడలిలో ఒకటి మైకులు తగిలించి, పగులు చప్పుడు ఏ మైకుకు ఎంత ముందు చేరిందో చూసి చోటు లెక్కగట్టే యంత్రం ఆమెది.

"ఇక్కడే బాబాయ్, బేకరీ ముందే" అంది, తెరమీది ఎర్రచుక్క చూపించి.

"కాదమ్మా. వాల్వుంది గనక ఇక్కడ చప్పుడు పైకి తన్నుకొస్తోంది. అసలుది అక్కడుంది." కూడలి వైపు నాలుగు కొట్ల అవతలున్న టైలరు గుమ్మం చూపించాడు.

"మరి యంత్రం అబద్ధం చెబుతుందా?"

"పాపం, అదెందుకు చెబుతుంది? నువ్వేం చెబితే అదే నమ్ముతుంది. గొట్టమంతా ఇనుమేనని చెప్పావా?"

"మ్యాపులో అలాగే ఉంది."

"టైలరు దగ్గర్నించి కూడలిదాకా ప్లాస్టిక్కు వేశాం. తొమ్మిదేళ్లయింది. మ్యాపు దిద్దే తీరిక ఎవరికుంది? చప్పుడు ఇనుములో పరిగెడుతుందమ్మా, ప్లాస్టిక్కులో కాళ్లీడుస్తుంది. కూడలికి ఆలస్యంగా చేరేసరికి, పగులు కూడలికి ఎక్కడో దూరాన ఉందనుకుంది నీ యంత్రం."

ఆమె ఆ లెక్కలు దిద్దింది. ఎర్రచుక్క బేకరీని వదిలి జరగడం మొదలుపెట్టింది. అది ఎక్కడ ఆగుతుందో చూడ్డానికి ఆయన నిలబడలేదు. టైలరు గుమ్మం ముందు సుద్దముక్కతో అడ్డగీతలు రెండు గీసేశాడు. చుక్క కూడా అక్కడికే వచ్చి ఆగింది. ఇంజనీరమ్మ మొహం విప్పారింది. ఆయనకూ సంతోషమైంది, కానీ మీసం చాటున దాచుకున్నాడు.

తవ్వకం సాగుతుంటే టైలరు ఆయన్ని తన కొట్టు మెట్టుమీద కూర్చోబెట్టి, టీ తెచ్చి పక్కన పెట్టాడు. గొయ్యి నడుంలోతు దిగాక ఆయన చెయ్యెత్తి పని ఆపించి, మెట్టుమీంచే కర్రను గోతిలోకి దింపాడు. కొట్టు గోడకు ఆనుకుని చెవి పెట్టాడు.

"ఇంకో జానెడు ఎడమకి" అన్నాడు. కళ్లు మళ్లీ మూసుకున్నాడు.

మాట్లాడబోయినవాళ్లను ఇంజనీరమ్మ "ష్! బాబాయ్ వింటున్నాడు" అని వారించింది. పనివాళ్లు పార మెల్లగా దింపారు. జానెడు ఎడమకి, ఇనుమూ ప్లాస్టిక్కూ కలిసే అతుకు దగ్గర నీళ్లు చివ్వున చిమ్మాయి. అందరూ ఒక్కసారిగా కేకలేశారు.

"దొరికింది బాబాయ్!"

ఆయన కళ్లు తెరవలేదు. పంతం నెగ్గించుకుని గడుసుగా కూర్చున్నాడనుకుని ఆమె నవ్వుతూ భుజం తట్టింది. ఆయన తల ఆ చేతిమీదికి ఒరిగింది. పెదాల మీద చిన్న నవ్వుంది గానీ ఊపిరి లేదు. ఆమె అక్కడే మెట్టుమీద కూలబడి, సొంత బాబాయి పోయినట్టే ఏడ్చింది.

ఆయన్ని ఇంటికి తీసుకెళ్లాక పనివాళ్లు కళ్లు తుడుచుకుంటూనే అతుకు బిగించారు. ట్యాంకు అడుగంటకముందే ఆసుపత్రి కుళాయిల్లో నీళ్లొచ్చాయి.

మెట్టుమీది టీగ్లాసును తీయడానికి టైలరుకు చేతులు రాలేదు. అంబులెన్సు వెళ్లినప్పుడల్లా చల్లారిన ఆ నిండు టీ మీద సన్నటి వలయాలు లేచి, అంచుదాకా వచ్చి ఆగుతున్నాయి.